గడియారం ఎవరిది? పనిగంటలు ఎవరివి?

దేశమంతటికి ఒకే గడియారం ఉండవలెనా, లేక రెండు ఉండవలెనా అను చర్చ ఎన్నో ఏండ్లుగా సాగుచున్నది. తమ ప్రాంతంలో సూర్యుడు ముందుగా ఉదయించి ముందుగా అస్తమించుచున్నాడు గనుక తమకు వేరు సమయం కావలెనని ఈశాన్య రాష్ట్రాల ప్రజలు కోరుచున్నారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018 లో అందుకొక ప్రణాళికను కూడ ప్రకటించినారు. కేంద్ర ప్రభుత్వం 2019 లో పార్లమెంటులో ఆ కోరికను నిరాకరించినది. 2025 జనవరిలో, భారత ప్రామాణిక సమయాన్నే చట్టసంబంధమైన, వాణిజ్య, పరిపాలనా వ్యవహారాలన్నిటికి తప్పనిసరి చేయు ముసాయిదా నియమాలను వెలువరించినది. విద్యుచ్ఛక్తి పొదుపును గూర్చి, దేశ సమైక్యతను గూర్చి, దేశ రక్షణను గూర్చి ఈ చర్చలో ఎన్నో మాటలు వింటిమి. ఆ గడియారం చొప్పున రాత్రింబగళ్లు బండ్లను నడుపువారిని, తపాలా సంచులను ఎక్కించి దించువారిని "మీరేమందురు?" అని అడిగిన జాడ మాత్రం మాకు కనబడలేదు.

ఇది భూగోళ శాస్త్ర విద్యార్థులకు సంబంధించిన విషయమని, మన యూనియన్ పత్రికలో దీనికి చోటేమిటని కొందరు మిత్రులు అనుకొనవచ్చును. కాని ప్రామాణిక సమయం ఈ దేశంలో మొట్టమొదట ప్రవేశించినది మన శాఖలలోనే. 1905 జూలై 1 నుండి రైల్వేలు, తంతి కార్యాలయాలు దానిని పాటించినవి. తక్కిన వ్యవహారాలకు అది 1906 జనవరి 1 నుండి వచ్చినది. గడియారాన్ని దేశానికి మోసికొనివచ్చినవారు రైల్వే, తపాలా, తంతి ఉద్యోగులు. కనుక దానిని దిద్దదలచినవారు ముందుగా మన గడప త్రొక్కవలసియున్నది.

లెక్క తేలికైనదే. భూమి తన చుట్టు తాను ఒకసారి తిరుగుటకు 24 గంటలు పట్టును. వృత్తంలో 360 డిగ్రీలు. కనుక గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు, పడమట ఉన్న ఊరికి వెనుక. కలకత్తా గ్రీనిచ్‌కు తూర్పున సుమారు 88.4 డిగ్రీలలో ఉన్నది. నాలుగుతో హెచ్చించినచో 5 గంటల 53 నిమిషాలు వచ్చును. మద్రాసుకు 5 గంటల 21 నిమిషాలు, బొంబాయికి 4 గంటల 51 నిమిషాలు. అనగా గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయినప్పుడు కలకత్తాలో తెల్లవారుజాము 5 గంటల 53 నిమిషాలు, బొంబాయిలో ఇంకను 4 గంటల 51 నిమిషాలు. ఒకే దేశంలోని రెండు రేవుల మధ్య గంటకు పైగా తేడా.

నేటి మన సమయానికి ఆధారమైన గీత 82.5 డిగ్రీల రేఖాంశం. పాఠ్యపుస్తకాలలో దీనిని అలహాబాదు, మీర్జాపూరు పేర్లతో చెప్పుట వాడుక. అదే గీత దక్షిణానికి దిగి వచ్చి మన తీరాన్ని తుని సమీపంలో దాటి సముద్రంలో ప్రవేశించును. హౌరా నుండి మద్రాసు పోవు మెయిలు విశాఖపట్నం విడిచిన తరువాత తుని దరిని ఈ గీతను దాటుచున్నది. ఋతువును బట్టి వచ్చు కొద్ది నిమిషాల తేడాను విడిచిపెట్టినచో, చేతి గడియారం చూపు మధ్యాహ్నం, సూర్యుడు చూపు మధ్యాహ్నం కలిసికొనునది అటువంటి చోటనే. విశాఖపట్నంలో సూర్యుడు గడియారానికి 3 నిమిషాలు ముందుండును. విజయవాడలో 7 నిమిషాలకు పైగా, హైదరాబాదులో 16 నిమిషాలు వెనుకబడును. కలకత్తాలో నడినెత్తికి సూర్యుడు వచ్చునప్పటికి డల్హౌసీ స్క్వేరులోని తపాలా కార్యాలయ గడియారంలో ఇంకను 11 గంటల 36 నిమిషాలే. ఆ 24 నిమిషాల అంతరం మన పంచాంగాలలోని సరిగా ఒక ఘడియ. దినానికి 60 ఘడియలు గదా!

రైలు రాకముందు ఈ తేడాలతో ఎవరికిని పని లేకుండెను. ఎడ్లబండికి టైంటేబుల్ లేదు. ఊరూర ఆ ఊరి సూర్యుడే గడియారం. 1851 లో కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు తంతి నడిచినది. శివచంద్ర నంది వంటి బెంగాలీ ఉద్యోగులు అందు తొలినాళ్ల నుండి పనిచేసినారు. 1854 ఆగస్టు 15 న హౌరా నుండి హుగ్లీకి ఈస్టిండియన్ రైలు బయలుదేరినది. సూర్యుని కంటె వేగంగా వార్త పోవునప్పుడు, ఏ ఊరి సమయం చొప్పున అను ప్రశ్న పుట్టక తప్పదు.

అప్పటి సమాధానం మద్రాసు నుండి వచ్చినది. 1792 లో ఈస్టిండియా కంపెనీ అచ్చట ఒక నక్షత్రశాలను కట్టించెను. జాన్ గోల్డింగ్‌హాం అను ఖగోళజ్ఞుడు 1802 లో మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించెను. నక్షత్రాలను చూచి సరిదిద్దిన గడియారం అచ్చట ఉండుటచేత, మద్రాసు బొంబాయికి కలకత్తాకు ఇంచుమించు నడుమ ఉండుటచేత, మొదట తంతి శాఖ, ఆ వెనుక రైల్వేలు మద్రాసు సమయాన్ని దేశమంతటికి స్వీకరించినవి. దానికే "రైల్వే టైము" అని పేరు వచ్చినది. ఆ నక్షత్రశాలలో యంత్రాన్ని నిలిపిన రాతిస్తంభం ఇంకను నుంగంబాకంలోని వాతావరణ కార్యాలయ ఆవరణలో ఉన్నది. దానిపై లాటిన్, తమిళ, హిందూస్తానీ భాషలతో పాటు తెలుగులో కూడ శాసనం చెక్కియున్నది. కంపెనీ ఔదార్యాన్ని వేయేండ్ల తరువాతి వారికి తెలుపుటకట! ఔదార్యం మాట ఎట్లున్నను, తెలుగు అక్షరం భారతదేశపు తొలి గడియారం మీద ఉన్నదని మన ఉద్యోగులు సంతోషించవచ్చును.

నాటి కలకత్తా ప్రయాణికుని అవస్థ ఊహించుడు. నగరం కలకత్తా సమయం, హౌరా స్టేషను మద్రాసు సమయం. రెండింటికి 32 నిమిషాల తేడా. తన గడియారం చూచుకొని పరుగున వచ్చినవాడు అరగంట ముందుగా వచ్చి ప్లాటుఫారం మీద కూర్చుండును గాన ఇచ్చట నష్టం లేదు. బొంబాయిలో దీనికి విపర్యయం: ఊరి గడియారం నమ్మి వచ్చినవాడు అరగంట క్రితమే వెళ్లిపోయిన బండి పొగను చూచుకొనవలసినదే. బొంబాయి గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ 1881 లో నగరానికి కూడ మద్రాసు సమయాన్ని విధించి, ప్రజలు ఒప్పుకొనకపోవుటచే 1883 లో ఉపసంహరించుకొనెను.

సమయం తప్పుట ప్రయాణికునికి అసౌకర్యం, సిబ్బందికి ప్రాణాంతకం. 1891 ఏప్రిల్‌లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కిప్టన్ అను చిన్న స్టేషను వద్ద ప్యాసింజరు బండి, వేగంగా వచ్చుచున్న మెయిలు బండి ఎదురెదురుగా ఢీకొన్నవి. ఒక ఉద్యోగి జేబుగడియారం నాలుగు నిమిషాలు ఆగి మరల నడుచుటయే కారణమని చెప్పుదురు. ఇరుబండ్ల డ్రైవర్లు, మెయిలు పెట్టెలో ఉత్తరాలు విడదీయుచున్న తపాలా గుమాస్తాలు అందు మరణించినారు. రైల్వేవారు, తపాలావారు ఒకే పెట్టెలో పోయిన దుర్ఘటన అది. ఆ పిమ్మటనే అమెరికా రైళ్లలో సిబ్బంది గడియారాలను క్రమం తప్పక పరీక్షించు పద్ధతి బలపడినది. నాలుగు నిమిషాలనగా భూమి ఒక్క డిగ్రీ తిరుగు కాలం.

ఇక 1906 నాటి మార్పును కొంత నిదానంగా చూడవలెను. ప్రభుత్వం 82.5 డిగ్రీల గీతను, గ్రీనిచ్‌కు 5 గంటల 30 నిమిషాల అంతరాన్ని స్థిరపరచినది. మద్రాసులో ముల్లు 9 నిమిషాలు ముందుకు జరిగినది. ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. కలకత్తాలో 24 నిమిషాలు వెనుకకు జరుపవలసి వచ్చినది. బొంబాయిలో 39 నిమిషాలు ముందుకు జరుపవలసి వచ్చినది. ఈ 39 నిమిషాల అర్థం బొంబాయి మిల్లు కార్మికునికి వెంటనే తెలిసినది. గేటు తెరచు గంట గడియారంలో మారలేదు, కాని అతడు చీకటిలో 39 నిమిషాలు ముందుగా లేచి రావలసి వచ్చినది. 1906 జనవరి మొదటి వారంలోనే వేలాది మిల్లు కార్మికులు పని విడిచి బయటికి వచ్చినారు. తమను అడుగక తమ నిద్రలోనుండి తీసికొన్న నిమిషాలను గూర్చిన సమ్మె అది. చరిత్ర పుస్తకాలలో ఈ ఉదంతం ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడదు. మన దృష్టిలో మాత్రం ప్రామాణిక సమయపు చరిత్రలో ఇదే ముఖ్య ఘట్టం.

కలకత్తాలో కారణం వేరు. ఇచ్చట ముల్లు వెనుకకు పోయినది గనుక పనివానికి ప్రత్యక్ష నష్టం లేదు. అయినను 1905 అక్టోబరు 16 న బెంగాలును రెండు ముక్కలు చేసిన ప్రభుత్వం, అదే శీతకాలంలో గడియారాన్ని కూడ దిద్దుటకు వచ్చినప్పుడు, నగరం దానిని నమ్మలేదు. స్టేషనులో ఒక సమయం, వీథిలో ఒక సమయం మరి నలుబది ఏండ్లు కొనసాగినవి. కలకత్తా సమయం అధికారికంగా తొలగినది స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 లో. బొంబాయి నగరపాలక సంస్థ కూడ స్వాతంత్ర్యం వచ్చువరకు తన గడియారాన్ని విడువలేదు. నడుమ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు ఒక్క ఉత్తర్వుతో దేశం గడియారం ఒక గంట ముందుకు జరిగినది. పరిపాలకులకు అవసరమైనప్పుడు సూర్యుడు అడ్డు రాలేదన్నమాట.

ప్రపంచంలోను ఇదే వరుస. ఇంగ్లండులో రైల్వే కంపెనీలు 1840 నుండియే లండను సమయాన్ని పాటింప మొదలిడగా, పార్లమెంటు దానిని చట్టం చేయుటకు 1880 వరకు పట్టినది. అమెరికాలో రైల్వే కంపెనీలు 1883 నవంబరు 18 న తమలో తాము మండలాలను పంచుకొని గడియారాలు దిద్దుకొన్నవి. ప్రభుత్వపు అనుమతికై ఆగలేదు. 1884 అక్టోబరులో 25 దేశాల ప్రతినిధులు వాషింగ్టన్‌లో సమావేశమై గ్రీనిచ్‌ను మూలరేఖగా ఎన్నుకొన్నారు. అనుకూలంగా 22 ఓట్లు, వ్యతిరేకంగా ఒకటి. ఫ్రాన్సు, బ్రెజిల్ తటస్థంగా ఉన్నవి. గ్రీనిచ్‌లో ప్రకృతిసిద్ధమైన విశేషమేదియు లేదు. ప్రపంచపు ఓడలలో అధికభాగం అప్పటికే ఆంగ్లేయ పటాలను వాడుచుండెను. గీతలు ఆకాశం నుండి దిగిరాలేదు, ఓట్లతోను ఓడలతోను గీయబడినవి.

అదే వాషింగ్టన్ నగరంలో 35 సంవత్సరాల తరువాత, 1919 అక్టోబరులో మరియొక సమావేశం మొదలైనది. అది అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ. భారత కార్మికుల పక్షాన యన్.యం. జోషి హాజరైనారు. దినానికి 8 గంటలు, వారానికి 48 గంటలు అను మొదటి ఒడంబడిక అచ్చట పుట్టినది. అందులోనే బ్రిటిషు ఇండియాకు మినహాయింపు పెట్టి వారానికి 60 గంటలన్నారు. గ్రీనిచ్ గడియారం మనకు పూర్తిగా వర్తించినది. ఎనిమిది గంటల దినం మాత్రం వర్తించలేదు! భూమధ్యరేఖ దగ్గర ఉన్నంత మాత్రాన మన దేశపు గంటకు 75 నిమిషాలున్నవా? 60 గంటలకు ఒప్పుకొన్న ఆ ప్రభుత్వం, దానిని రైల్వేలలో చట్టంగా తెచ్చుటకు 1930 వరకు తాత్సారం చేసినది. నిరంతర పనివారికి 60 గంటలు, విరామంతో కూడిన పని అనబడు తరగతికి 84 గంటలు.

ఎనిమిది గంటల కోరిక మనకు విదేశాల నుండి వచ్చినదని కొందరు ఇప్పటికిని వ్రాయుచున్నారు. చికాగో వీరుల త్యాగం 1886 నాటిది. దానికి 24 ఏండ్ల పూర్వమే, 1862 లో, హౌరా స్టేషనులో సుమారు 1,200 మంది రైల్వే కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కొరకు పని నిలిపినారని ఆనాటి బెంగాలీ పత్రిక "సోమప్రకాశ్" ప్రకటించినది. హౌరాకు రైలు వచ్చి అప్పటికి ఎనిమిదేండ్లే. యూనియన్ అను పేరు సైతం అప్పటికి మన దేశంలో లేదు. గడియారం స్టేషను గోడమీదికి ఎక్కిన కొలది కాలానికే దాని క్రింద నిలుచున్నవాడు దానిని చదువ నేర్చెనని ఇందువలన తెలియుచున్నది. అప్పటివరకు సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు అన్న పనిని గంటలలో కొలుచుటకు అవకాశం ఇచ్చినది ఆ గడియారమే. యజమాని దానితో ఆలస్యాన్ని లెక్కించెను. కార్మికుడు దానితో అధిక పనిని లెక్కించెను.

ఆ లెక్క ఇంకను ముగియలేదు. 1946 జూలైలో తపాలా ఉద్యోగుల సమ్మె, దానికి మద్దతుగా జూలై 29 న కలకత్తా నగరమంతయు నిలిచిపోయిన సార్వత్రిక సమ్మె మన పెద్దలకు తెలిసినవే. ఆ కాలంలో తపాలా తంతి ఉద్యోగుల వివాదాన్ని, రైల్వే పనిగంటల వివాదాన్ని కూడ విచారించినవారు జస్టిస్ రాజాధ్యక్ష. రైల్వే తీర్పులో 60 గంటలు 54 అయినవి, 84 గంటలు 75 అయినవి. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మెతో పదిగంటల డ్యూటీ సూత్రం అంగీకరింపబడినది. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన మహాసమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల దినం ఒకటి. ఇప్పుడు డ్రైవరును లోకో పైలట్ అనియు, గార్డును ట్రైన్ మేనేజరు అనియు పిలుచుచున్నారు. పేర్లు మార్చుట గంటలు తగ్గించుట కంటె చౌక.

ఈ నేపథ్యంతో నేటి రెండు సమయాల ప్రతిపాదనకు వత్తము. మన దేశం పడమట 68 డిగ్రీల నుండి తూర్పున 97 డిగ్రీల వరకు వ్యాపించియున్నది. 29 డిగ్రీలనగా దాదాపు రెండు గంటలు. కలకత్తాలో జూన్ నెలలో 5 గంటలకు ముందే తెల్లవారును. డిసెంబరులో సాయంకాలం 5 గంటలకు ముందే ప్రొద్దు గుంకును. అస్సాం తూర్పు జిల్లాలలో ఇంకను ముందు. పది గంటలకు కార్యాలయం తెరచునప్పటికి ఉదయపు వెలుతురు సగం వ్యర్థమై, పని ముగియకముందే దీపాలు వెలిగించవలసి వచ్చుచున్నది. వారి ఫిర్యాదు న్యాయమైనదే. దీనిని దేశ సమైక్యతకు భంగమని కొట్టివేయుట తగదు. రష్యాలో 11 సమయ మండలాలున్నవి, ఆ దేశం ముక్కలు కాలేదు. చైనా దేశమంతటికి ఒకే సమయం పెట్టగా, పడమటి సింకియాంగులో చాలమంది రెండు గంటలు వెనుకగా తమ సొంత సమయాన్ని పాటించుచునే ఉన్నారు.

అస్సాం తేయాకు తోటలలో ఆంగ్లేయుల కాలం నుండి "బాగాన్ టైము" అని ఒకటున్నది. అది ప్రామాణిక సమయానికి ఒక గంట ముందు. ఈశాన్యానికి వేరు గడియారం కావలెననువారు ఈ తోటలనే ఉదాహరణగా చూపుదురు. కాని ఆ గంటను ముందుకు త్రిప్పినది దొరలు, పగటి వెలుతురులో ఎక్కువ ఆకు కోయించుటకు. దానివలన ఆకు కోయు స్త్రీ కూలి పెరిగెనా, ఇంటికి పోయి పొయ్యి రాజేయు వేళ ముందుకు వచ్చెనా అని ఎవరును లెక్క చూపుటలేదు. గడియారం త్రిప్పుట వలన కలుగు లాభం ఎవరి ఖాతాలో పడుచున్నదో చూడక దానిని ప్రగతి అనజాలము.

2018 నాటి ప్రణాళికలో అస్సాం, పశ్చిమ బెంగాల్ సరిహద్దున, సుమారు 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం వద్ద గీత గీచి, దాని తూర్పున గ్రీనిచ్‌కు 6 గంటల 30 నిమిషాల సమయాన్ని పెట్టవలెనన్నారు. ఆ చోటునే ఎన్నుకొనుటకు కారణం రైల్వేయే. అచ్చట భూభాగం ఇరుకు. కొలది మార్గాలే దాటుచున్నవి. ఆలీపూర్‌దుయార్ ప్రాంతంలోని ఒకటి రెండు స్టేషనులలో మాత్రం సమయాన్ని సరిచూచుకొన్న చాలునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన రైల్వే సంకేతాలు పూర్తిగా స్వయంచాలితం కాలేదని వారే ఒప్పుకొనినారు. వారి నిజాయితీని మెచ్చుకొందము. కాని "సరిచూచుకొనువాడు" ఎవడు? రాత్రి డ్యూటీలో ఉన్న స్టేషను మాస్టరు. ఒక స్టేషను రిజిస్టరులో 22 గంటల 10 నిమిషాలకు లైను క్లియరు, ప్రక్క స్టేషను రిజిస్టరులో అదే క్షణాన 23 గంటల 10 నిమిషాలు. ప్రైవేటు నంబర్లు, కాషన్ ఆర్డర్లు, బ్లాకు తీసికొన్న ట్రాకు మనుషుల గంటలు, అన్నిటిలోను ఈ గంట అడ్డు తగులును. కంప్యూటరు తెర మీద ఒక మీట నొక్కిన సరిపోవుననువారు, తెర ఆగిపోయి కాగితం మీద పని నడచు రాత్రిని చూచినవారు కారు. అదే ఇరుకు మార్గాన 1999 ఆగస్టు 2 న గైసాల్ వద్ద రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొని 280 మందికి పైగా మరణించినారు. ఆ దుర్ఘటన గడియారం వలన కాదు. మానవుని పొరపాటుకు ఆ మార్గంలో ఎంత వెల చెల్లించవలసి వచ్చునో చూపుటకే దానిని జ్ఞాపకం చేయుచున్నాము.

జీతం సంగతి కూడ కలదు. రాత్రి 22 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాత్రి డ్యూటీ, గంటకు 10 నిమిషాల అదనపు లెక్క. గీతకు ఇవతల 21 గంటల 30 నిమిషాలకు సైన్ ఆన్ చేసి, అవతల సైన్ ఆఫ్ చేసినవాని రాత్రి ఏ గడియారంతో మొదలై ఏ గడియారంతో ముగియును? తూర్పునుండి పడమటికి వచ్చువాడు పదిన్నర గంటలు నడిపి, పుస్తకంలో తొమ్మిదిన్నర గంటలుగా కనబడినచో ఆ గంట ఎవరిది? ఏ అధికారియైనను ఇట్లు మోసగించునని మేము అనుట లేదు. వ్రాతలో లేని రక్షణ మనకు ఎన్నడును దక్కలేదని మాత్రం మన అనుభవం. ఆర్.యం.యస్. సోదరులకు, మెయిలు మోటారు సిబ్బందికి కూడ ఇదే ప్రశ్న. తేదీ ముద్ర అర్ధరాత్రి మారును, ఏ అర్ధరాత్రి?

పొదుపు ఎంతయని చూచినచో, ఆ ప్రణాళిక లెక్క ప్రకారమే సంవత్సరానికి 2 కోట్ల యూనిట్ల విద్యుత్తు. వినుటకు పెద్ద అంకె. మన దేశం ఏటా వాడునది లక్ష కోట్ల యూనిట్లకు మించినది. లక్ష రూపాయలలో రెండు రూపాయలైనను ఈ పొదుపు రాదు.

వెలుతురును వాడుకొనుటకు వేరు మార్గం లేదా? మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2009 జూన్ 19 న గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపినది. జనం ఇబ్బంది పడగా ఆ సంవత్సరాంతంలో వెనుకకు త్రిప్పి, మరల ఆ ప్రయత్నం చేయలేదు. అదే దేశం 2022 ఆగస్టులో విద్యుత్తు కొరత వచ్చినప్పుడు గడియారాన్ని ముట్టలేదు; కార్యాలయాల వేళను ఉదయం 8 గంటల నుండి 3 గంటల వరకు మార్చినది. మా అభిప్రాయంలో సరియైన దారి ఇదియే. తూర్పు రాష్ట్రాలలో కార్యాలయాలు, బడులు, తపాలా కౌంటర్లు ఋతువును బట్టి ముందుగా తెరచి ముందుగా మూయవచ్చును. ముందుగా తెరచుట మాత్రం జరిగి, మూయుట పాతవేళకే జరుగకుండ చూచుట యూనియన్ పని.

ఒకవేళ రాజకీయ కారణాలచే రెండు సమయాలు వచ్చియే తీరినచో, రష్యా రైల్వేల అనుభవాన్ని పరిశీలించవలెను. మాస్కోకు వ్లాదివోస్తోక్‌కు ఏడు గంటల తేడా. అయినను సోవియట్ కాలం నుండి రైళ్లన్నియు మాస్కో సమయం మీదనే నడచినవి. సైబీరియా స్టేషను గోడమీద కూడ మాస్కో గడియారమే వ్రేలాడెను. ప్రయాణికుల టిక్కెట్లపై స్థానిక సమయం వేయుట 2018 ఆగస్టు 1 నుండి మాత్రమే. 1948 వరకు హౌరాలో జరిగినది కూడ ఇదే గదా! ఊరికి ఊరి సమయం, రైలుకు రైలు సమయం. ప్రయాణికుడు కొంత తికమక పడినను, లైను మీద మాత్రం ఒకే గడియారం. బండి నడుపువానికి, సంకేతం ఇచ్చువానికి, పట్టాలు బాగుచేయువానికి, తపాలా సంచి అందుకొనువానికి ఒక్కటే సమయం ఉండవలెనన్నది మా కోరిక. డ్యూటీని స్థానిక గడియారంతో గాక, గడచిన నిమిషాలతో లెక్కించవలెనన్నది రెండవ కోరిక. ఈ రెండును ఉత్తర్వులో అక్షరాలా ఉండవలెను.

అట్లు వ్రాయుట సాధ్యమే. పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశం 2011 లో అంతర్జాతీయ దినరేఖకు ఇటువైపునకు మారదలచినది. డిసెంబరు 29 గురువారం తరువాత 31 శనివారం వచ్చినది. 30 శుక్రవారం ఆ దేశంలో లేనేలేదు. లేని దినానికి జీతమెట్లు అను ప్రశ్న రాగా, ఆ శుక్రవారానికి కూడ ఉద్యోగులకు జీతం ఇయ్యవలసినదేనని ముందుగానే చట్టంలో చేర్చినారు. రెండు లక్షల జనాభా గల దేశం అది.

ఆలీపూర్‌దుయార్, న్యూ జల్పాయిగురి, గౌహతి ప్రాంతాల శాఖలు తమ రోస్టర్లలో, స్టేషను రిజిస్టర్లలో ఈ గంట ఎక్కడెక్కడ అడ్డు వచ్చునో వివరంగా వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుచున్నాము. ఖరగ్‌పూర్, గార్డెన్ రీచ్‌లలోని మన తెలుగు సోదరులలో ఉత్తర బెంగాలు డివిజనులలో పనిచేసి వచ్చినవారు కొందరు కలరు. వారు కూడ తమ అనుభవాన్ని తెలుపగలరు. ఆ వివరాలతో ఒక విజ్ఞాపనను సిద్ధపరచి రైల్వే బోర్డుకు, తపాలా డైరెక్టరేటుకు సమర్పించవలెనన్నది మా ప్రతిపాదన.